మళ్ళీ మొదటి నుంచి చదవండి

నా గొంతు బాగుంటుందని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పేవాళ్ళుంటే కార్ల సీట్లకు తొడుగులు కుట్టుకుంటూ ఎందుకుంటాను? బడి మానేసిన నాటి నుంచి నా చేతిలో ఉన్నవి కత్తెర, జిగురు డబ్బా. నోటితో చేసిన పని తిట్టడం ఒక్కటే. అది మాత్రం నాకు బాగా వచ్చని వీధి వీధంతా ఒప్పుకుంటుంది.

కథలు చదవడం చిత్తుకాగితాల వల్ల అంటుకుంది. సీటుకు తొడుగు కుట్టాలంటే ముందు కాగితం మీద కొలత గీసి కత్తిరించుకోవాలి. అందుకోసం పాత వారపత్రికలు మూటగా తెచ్చుకునేవాణ్ణి. కత్తెర పెట్టే ముందు కళ్ళు ఊరుకోవు. ఒక పేజీ చదివేవాణ్ణి, తర్వాత ఇంకో పేజీ. ఒకరోజు పని పూర్తయిన పెద్ద కారులో అద్దాలు బిగించుకుని కూర్చుని పైకి చదివాను. సీట్లలో కొత్త స్పాంజి, మందపాటి తోలు. బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. నా గొంతు నాకే ఎవరో పెద్దమనిషి గొంతులా వినబడింది. దాన్ని ఫోన్లో పట్టి, అందరూ పెట్టే చోటే నేనూ పెట్టాను. అప్పటి నుంచి బాగుచేయించుకోవడానికి వచ్చిన ప్రతి కారూ, యజమానికి తెలియకుండా, కాసేపు నా స్టూడియో.

వినేవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. వాళ్ళు రాసేవీ అంతంతమాత్రమే. ‘సౌండ్ తక్కువుంది అన్నా.’ ‘కథ పెద్దగుంది.’ ఒక బొటనవేలి బొమ్మ. ఒకడైతే ప్రతి కథ కిందా మోకాళ్ళ నొప్పుల నూనె అమ్ముకునేవాడు. అయినా సిగ్గు లేకుండా జిగురు చేత్తోనే ఫోన్ తెరిచి చూసుకునేవాణ్ణి. తెర మీద నా వేలిముద్రలు ఎండి పొరలు కట్టాయి.

అలాంటి రోజుల్లోనే మా చెల్లి వచ్చింది.

మా ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. తనకు నచ్చినవాణ్ణి చేసుకుంది. నేను పెళ్ళికి వెళ్ళలేదు సరికదా, అనకూడనివి అన్నాను. ఇక నా పేరెత్తనని తను ఒట్టు పెట్టుకుంది. ఆ మొగుడి మొహం నేను చూసిందే లేదు, నా మొహం వాడూ చూడలేదు. అందుకే వచ్చింది. వాడు వెతికే చోట్లలో నా కొట్టు ఉండదు. చేతిసంచీ తప్ప ఏమీ తెచ్చుకోలేదు. ఫోన్ కూడా లేదు.

“కొట్టేవాడా?” అని అడిగాను.

“ముందు కొట్టడు అన్నయ్యా. ముందు చెప్తాడు.”

“ఏం చెప్తాడు?”

“గ్లాసు ఇలా కాదు, అలా పెట్టాలంటాడు. అంత పెద్దగా నవ్వొద్దంటాడు. మర్యాదగానే చెప్తాడు, గొంతు పెంచడు. మళ్ళీ చెయ్యి అంటాడు. చేస్తాను. మళ్ళీ అంటాడు. సరిగ్గా వచ్చేదాకా వదలడు. ఎప్పటికీ సరిగ్గా రాదు.” ఎడమచేయి ఎత్తి చూపించింది. చివరి వేళ్ళు రెండూ వంగవు. “ఇది తలుపు చప్పుడు కాకుండా వెయ్యడం నేర్పినప్పుడు.”

“పోలీసుల దగ్గరికి పోలేకపోయావా?”

“పోయాను. వాడే వచ్చాడు. వాళ్ళతో చక్కగా మాట్లాడి, నాకు శాలువా కప్పి ఇంటికి తీసుకెళ్ళాడు. ఈసారి దొరికితే ఇంక నేర్పడట. అదీ చెప్పాడు.”

తరవాత ఆ సంగతి మేము ఎత్తలేదు. పైగదిలో కరెంటు కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టాను. నాకంటే నాలుగు ముక్కలు ఎక్కువే చదివింది. చేయి తేలిక. వీధి వైపు కిటికీకి మందపాటి గుడ్డ కట్టుకుంది. ఎవరు అడిగినా పైన పనివాడున్నాడని చెప్పమంది.

నేను చదివేవి వింటే దాని మొహంలో పాత కొంటెతనం వచ్చేది. “అన్నయ్యా, అది ప్రేమలేఖ. నువ్వు కరెంటు బిల్లు చదివినట్టు చదువుతున్నావు.”

“నాకు వచ్చిన ఉత్తరాలన్నీ కరెంటాఫీసు నుంచేనే. ఇంకెలా వస్తుంది?”

“ఆ ఇంట్లో పగలంతా నాకు ఇవే తోడు. ఎవరెవరో చదివిన కథలు ఫోన్లో పెట్టుకునేదాన్ని. సాయంత్రం వాడొచ్చి ఏం విన్నావో ఒప్పజెప్పమనేవాడు. తప్పితే దగ్గర కూర్చోబెట్టి మళ్ళీ వినిపించేవాడు.”

విన్నాను, ఊరుకున్నాను. ఇంకొకడైతే ఆలోచించేవాడు.

ఒకసారి గడియారాలు బాగుచేసేవాడి భార్య కథ చదవాల్సి వచ్చింది. మంచి కథ. కానీ చివరి పేజీని నేనెప్పుడో తల ఆనించుకునే దిండు కొలతకు కత్తిరించేశాను. ముగింపు ఎవరి కారులోనో తిరుగుతోంది. చెల్లి దారం తెంపుతూ, “నేను చెప్తా, రాసుకో” అంది. తల ఎత్తకుండా చెప్పింది. ‘ఆమె తన తాళంచెవిని ఉప్పు డబ్బాలో అడుగుకంటా గుచ్చి, మూత పెట్టింది. తలుపు దగ్గరగా లాగి మెట్లు దిగింది. ఉప్పు అయిపోయిన రోజున అది అతనికి దొరుకుతుంది.’

బాగుందన్నాను. అలాగే చదివి పెట్టేశాను.

కొన్నాళ్ళకు దాని కింద ఒక ఉత్తరమంత అభిప్రాయం వచ్చింది. రాసినవాడు పెట్టుకున్న పేరు ‘ఒక శ్రోత’.

‘మీ గొంతులో నిజాయితీ ఉంది. కామాల దగ్గర ఊపిరి తీసుకోవాలి, మీరు మాట మధ్యలో తీసుకుంటున్నారు. ముగింపు దగ్గర మాత్రం తడబడలేదు. మళ్ళీ మొదటి నుంచి చదవండి.’

ఆ రోజు నేను ఎవరినీ తిట్టలేదు. మా మాస్టారు నన్ను కొట్టారు గానీ ఎన్నడూ దిద్దలేదు. దిద్దడానికి నేను పనికొస్తానని కూడా అనుకోలేదాయన. ఇక్కడ ఎవరో చదువుకున్న మనిషి నా ఊపిరి ఎక్కడ ఆగిందో పట్టి చెప్పాడు! మళ్ళీ చదివి పెట్టాను. ‘ఇప్పుడు మెరుగు. చివరి వాక్యం తొందరపడ్డారు. మళ్ళీ’ అన్నాడు. మళ్ళీ చదివాను. చెల్లి చెప్పిన మాటే కదా ఇది అని తట్టలేదా అంటే, తట్టలేదు. పొగడ్తకు మొహం వాచి ఉన్నాను. చెవులు పనిచెయ్యలేదు.

మెల్లగా ప్రశ్నలు మొదలయ్యాయి. దిద్దుబాట్ల మధ్య ఒక్కొక్కటి, టీలో పంచదార పలుకులా.

‘ముగింపు రచయితది కాదు కదా? భాష మారింది. ఎవరి ఊహ?’

మా ఇంట్లో మనిషిదని రాశాను. కింద దణ్ణం పెట్టే చేతుల బొమ్మ.

‘ఇంత నిశ్శబ్దమైన గది ఎలా కుదిరింది?’

గది కాదు, కారు అని రాశాను. నాది సీట్ల పని అని రాశాను. మళ్ళీ దణ్ణం.

‘అద్దం సరిగ్గా మూయనప్పుడు వెనకాల ఒక మోత వస్తోంది. రైలా?’

రైలు కాదండీ, పక్కన ఐసు ఫ్యాక్టరీ.

ఆ తర్వాత ఆయన రాయడం మానేశాడు. ఫోన్ తెరిచినప్పుడల్లా మోకాళ్ళ నూనెవాడే కనిపించేవాడు. ఏం తప్పు చదివానా అని లోలోపల కుమిలిపోయాను. చెల్లికి మాత్రం ఏమీ చెప్పలేదు. చెబితే నవ్వుతుంది. ఆ ఒక్క శ్రోతనైనా నా సొంతానికి ఉంచుకుందామనిపించింది.

ఒక మధ్యాహ్నం, ఎండ తగ్గే వేళకు, బూడిదరంగు కారు వచ్చి షట్టర్ లోపలికంటా ఆగింది. దిగినవాడు సన్నగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉన్నాడు.

“షట్టర్‌కు నూనె పెట్టుకోండి. కీచుమంటోంది” అన్నాడు. అదే మొదటి మాట.

“పెడతాను సార్. ఏం పని?”

“వెనక సీటు చిరిగింది.”

తలుపు తీసి చూశాను. చిరిగిన తోలు వేరు, కోసిన తోలు వేరు. చిరుగు ఎప్పుడూ కుట్టు వెంబడి పోతుంది, అంచులు పీచుపీచుగా ఉంటాయి. ఇది స్కేలు పెట్టి గీసినట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి ఉంది. లోపలి స్పాంజి కూడా తెగింది.

“ఇది కోసినట్టుంది సార్.”

“చిరిగింది అన్నాను.” గొంతు పెంచలేదు. పైకి చూశాడు. పైగదిలో మిషన్ ఆగి ఆగి కుడుతోంది. “ఎవరు?”

“పనివాడు సార్.”

కాసేపు విన్నాడు, పాట వింటున్నట్టు తల కొద్దిగా వంచి. “చేయి తేలిగ్గా ఉంది” అన్నాడు. “ఎదురుగా టీకొట్లో కూర్చుంటా. తొందరేం లేదు. సరిగ్గా చెయ్యండి.”

ఎదురుగానే కూర్చున్నాడు, మా షట్టర్ వైపు మొహం పెట్టి. టీ గ్లాసు తెచ్చి ముందు పెట్టారు. ముట్టుకోలేదు.

సీటు ముందుకు జరిపితే గానీ వెనక పని తెమలదు. ఆ కారులో సీట్లు మోటారుతో జరుగుతాయి. తాళం తిప్పాను. స్పీకర్లలోంచి ఎవరో పెద్దమనిషి గొంతు పలికింది.

‘ఆమె తన తాళంచెవిని ఉప్పు డబ్బాలో అడుగుకంటా గుచ్చి, మూత పెట్టింది.’

నా గొంతే. తలుపు, మెట్లు, ఉప్పు అయిపోయిన రోజు. అక్కడికి ఆగి, చిన్న టక్కుమన్న చప్పుడు. మళ్ళీ మొదలు. ‘ఆమె తన తాళంచెవిని...’ కథ మొత్తం లేదు. ఆ ముక్క ఒక్కటే కోసి, తిరిగి తిరిగి వచ్చేలా అతికించుకున్నాడు. ఎన్ని దారుల్లో, ఎన్ని సీట్ల కొట్ల ముందు ఇది వింటూ తిరిగాడో.

తాళం కట్టేశాను. మెట్లు ఎక్కి పైగదికి వెళ్ళాను.

“చెల్లీ, ఆ ఉప్పు డబ్బా సంగతి ఊహించి చెప్పావా?”

మిషన్ ఆగింది. “ఊహ కాదు, నేను చేసిందే. ఎవరడిగారు?”

కిటికీ వైపు చూశాను. తనే కిటికీ దగ్గరికి వెళ్ళింది. గుడ్డ కదపకుండా, అంచు సందులోంచి చూసింది. గోడకు జారగిలబడి కింద కూర్చుంది.

“టీ తాగుతున్నాడా?”

“లేదు. ముందు పెట్టుకుని కూర్చున్నాడు.”

“వాడే. బయట గ్లాసులు ముట్టడు.” ఊపిరి పీల్చుకుని, “నువ్వు వాడికి ఏమేం చెప్పావు?” అంది.

చెప్పాను. ఒక్కో ముక్కా నా నోట్లోంచి వస్తుంటే ఇంత పొడుగ్గా చెప్పానా అనిపించింది. చెల్లి తిట్టలేదు. తిడితే బాగుండేది.

“నీకు చదువు అబ్బలేదంటారు గానీ అన్నయ్యా, పిలిచి అడిగితే అన్నీ భలే ఒప్పజెప్తావు.”

ఆలోచించడానికి వ్యవధి లేదు. వెనక గోడ దూకితే ఐసు ఫ్యాక్టరీ పెరడు. అక్కడ ఐసు దిమ్మలు మోసే వ్యాను నడిపే ముసలాయన ఉన్నాడు, వీధిలో అందరికీ ఐసు బాబాయి. గోడ మీది నుంచే కేకేసి సంగతి నాలుగు మాటల్లో చెప్పాను.

“ఎక్కించరా అమ్మాయిని. గోనెపట్టాలు కప్పుతా” అన్నాడు. దాన్ని చూసి, “కరిగిపోకమ్మా, తూకం తగ్గితే నేనే కాజేశానంటారు” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. “కానీ ఒరే, సరుకు నిండాలి. ఖాళీ బండిని గేటు దాటనివ్వరు. నిండాక మీ టీకొట్టు ముందు నుంచే పోవాలి. వేరే దారి లేదు.”

అంటే, వాడు ఆ బెంచీ మీద ఉండకూడదు. నా షట్టర్ లోపల ఉండాలి. ఎంతసేపో తెలియదు.

చెల్లి గోడ మీద కూర్చుని ఒక్క క్షణం నా వైపు తిరిగింది. “వాడు ఎదురుగా ఉంటే వాదించకు అన్నయ్యా. తప్పు చెయ్యి. తప్పు కనిపిస్తే వాడు వదిలిపోలేడు.”

పైకి పరిగెత్తి మిషన్ కాలిమీట మీద ఇస్త్రీపెట్టె పెట్టాను. గుడ్డ లేకుండానే సూది టకటకా ఆడసాగింది. కిందికి వచ్చి కారు వెనక తలుపులు తెరిచాను. అంచున చిన్న మీట ఉంటుంది, పిల్లలు లోపలి నుంచి తియ్యకుండా. రెండు వైపులా నొక్కేశాను. ముందు పక్క సీటు మీద, రెండు సీట్ల మధ్య సందులో, స్పాంజి దిమ్మలు, తోలు చుట్టలు పైకప్పు దాకా కూరాను. తర్వాత వీధి దాటి వెళ్ళాను.

“సార్, తాళం తిప్పితే నా కథే వినబడింది. ఆ శ్రోత మీరేనా?”

వాడు మొదటిసారి నవ్వాడు. అందమైన నవ్వు. “గుర్తుపట్టారన్నమాట.”

“మీరు రాయడం మానేస్తే అన్నం సహించలేదు సార్.” అది అబద్ధం కాదు, అదే నాకు ఇప్పటికీ మంట. “కొత్త కథ ఒకటుంది. మీరు పక్కన కూర్చుని దిద్దితే...”

పైగది వైపు చూశాడు. మిషన్ ఆడుతోంది. తనది తనకోసం ఉంటుందని నమ్మకమున్నవాడిలా లేచాడు.

“కూర్చోండి సార్. ముందంతా సామాను, వెనకే.”

“షట్టర్ దించండి” అన్నాడు వాడే. “చప్పుడు వస్తుంది.”

దించాను. కీచుమంది. వాడు కళ్ళు చిట్లించాడు. నేను ముందు కూర్చుని నా తలుపు వేసుకున్నాను. కారు లోపలి దీపం వెలిగించి, ఫోన్ స్టీరింగ్ మీద నిలబెట్టి రికార్డింగ్ నొక్కాను. చేతిలో పాత వారపత్రిక. పడవ నడిపేవాడి కథ.

“వాన వెలిసింది పడవ, వాడు తాడు విప్పాడు.”

“ఆగండి. వాన వెలిసింది. అక్కడ చుక్క ఉంది. ఊపిరి తీసుకోండి. మళ్ళీ.”

“వాన వెలిసింది. పడవవాడు తాడు. విప్పాడు.”

“తాడు దగ్గర ఎందుకు ఆగారు? మళ్ళీ.”

ఒక్కో వాక్యం పాడుచేస్తూ పోయాను. కొన్ని కావాలనే. కొన్ని నిజంగానే, నాలుక ఎండిపోయి. మూడు వాక్యాలు దాటితే చాలు, “తొందర. మొదటి నుంచి” అనేవాడు. నా మెడ వెనక వాడి ఊపిరి నిదానంగా తగులుతోంది. వాడి వేలో, వేలికంటే సన్నటిదేదో, వెనక సీటు గాటు వెంబడి అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు.

“మీ చెల్లెలికీ ఇదే జబ్బు” అన్నాడు ఉన్నట్టుండి. “చెప్పింది వింటుంది. చెయ్యదు.”

నేను ఆమె అన్ననని వాడికి తెలుసు. “పడవవాడు...” అన్నాను.

“చదవండి, చదవండి. తను ఎక్కడికీ పోదు, పైన కుడుతోందిగా.”

చదివాను. పడవ ఒడ్డు వదలలేదు. ఎన్నిసార్లు తాడు విప్పానో. చొక్కా సీటుకు అంటుకుపోయింది. వాడికి విసుగు లేదు, కోపం లేదు. ప్రతి తప్పు దగ్గరా అదే మెత్తటి గొంతు. ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి మా చెల్లి విన్న గొంతు. దాని ముందు నేను చేతులు కట్టుకుని కూర్చున్నది ఒక్క సాయంత్రమే. అంతలోనే, ఛీ, ఈసారైనా సరిగ్గా చదివి మెప్పు పొందుదామా అని లోపల ఒక మూల పీకుతోంది.

అప్పుడు నా సీటు కింద సన్నగా అదిరింది. అద్దాలు బిగించి ఉన్నాయి, చెవికి ఏదీ రాలేదు. కానీ ఇన్నేళ్ళుగా సీట్లలోనే బతికినవాణ్ణి, బరువు బండి ముందు నుంచి పోతే నేల ఎలా కదులుతుందో నడుముకు తెలుసు. అదురు వచ్చింది, పెరిగింది, దూరమైంది.

వెనక ఆ సన్నటి చప్పుడు ఆగిపోయింది.

“పైన మిషన్” అన్నాడు వాడు.

“పని ఎక్కువ సార్.”

“దారం అయిపోదా? గుడ్డ మలుపు తిప్పరా?” వెనక సీటు కిర్రుమంది. “మీ పైకప్పు చెక్కది. ఆ అదురు ఇక్కడికి దిగుతోంది. నేను వచ్చినప్పుడు ఆగి ఆగి కుట్టింది. ఇప్పుడు ఒక్కసారీ ఆగలేదు.”

తలుపు పిడి లాగిన చప్పుడు. మళ్ళీ లాగాడు. అటువైపు జరిగి, ఆ తలుపూ లాగాడు.

“తలుపు తియ్యండి.” గొంతు ఇంకా పెరగలేదు.

నేను దిగి పారిపోవచ్చు. నా తలుపు నా చేతిలోనే ఉంది. దిగితే ఆ ఖాళీలోంచి వాడు బయటికొస్తాడు. రోడ్డు మీద ఐసు వ్యాను ఇంకా ఎంతో దూరం పోయి ఉండదు. పక్కన పైకప్పు దాకా స్పాంజి, తోలు. వాడు ముందుకు రావాలంటే నన్ను దాటే రావాలి.

“మొదటి వాక్యం ఇంకా కుదరలేదు సార్” అన్నాను. “మళ్ళీ మొదటి నుంచి చదువుతా.”

ఫోన్లో ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. ఊపిరి తీసుకున్నాను, తీసుకోవాల్సిన చోటే.

“వాన వెలిసింది. పడవవాడు తాడు విప్పాడు. పడవ ఒడ్డును విడిచి, నెమ్మదిగా, వెనక్కి చూడకుండా సాగిపోయింది.”

ఎక్కడా తప్పు పోలేదు. వెనక నుంచి దిద్దుబాటు రాలేదు. తోలు చప్పుడొచ్చింది. చిరిగేది కాదు, కోసేది. నా వీపు ఆనించిన సీటు వెనక నుంచి, పై నుంచి కిందికి, నిదానంగా.

నేను రెండో పేరా అందుకున్నాను.